కదలకుండా నిలబడ్డ గుర్రం నమ్మినట్టేనా?

పెళ్ళిళ్ళ సీజన్‌లో హైదరాబాద్‌లో ఏ ఫంక్షన్ హాలు ముందు చూసినా ఒక తెల్ల గుర్రం కనిపిస్తుంది. డీజే బాక్సులు గుండెలదరగొడుతుంటాయి, మర్ఫా వాళ్ళు వాయించేస్తుంటారు, కాళ్ళ పక్కనే పటాకులు పేలుతుంటాయి, పైన కూర్చున్న పెళ్ళికొడుకు సెహ్రా సర్దుకుంటూ ఫోటోలకు నవ్వుతుంటాడు, గుర్రం మాత్రం బొమ్మలా నిలబడి ఉంటుంది. ‘ఎంత సాధువో చూడు’ అంటారు చుట్టూ ఉన్నవాళ్ళు. కావచ్చు, కాకపోనూ వచ్చు. గుర్రం కదలకుండా నిలబడటానికి మూడు కారణాలు ఉండొచ్చు. ఆ గోల దానికి నిజంగానే అలవాటైపోయి ఉండొచ్చు. పక్కనున్న మనిషి మీద నమ్మకంతో ఉండొచ్చు. లేదా ఏం చేసినా తప్పించుకోలేనని ఎప్పుడో తెలిసిపోయి, ఇక ప్రయత్నించడమే మానేసి ఉండొచ్చు. బయటి నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి, అసలు చిక్కంతా అక్కడే. మనిషిని చూడని గుర్రాన్ని తెచ్చి మచ్చిక చేసుకునే పనిలో ఎక్కువమంది బోల్తా పడేది కూడా ఈ మూడోదాన్ని రెండోది అనుకునే.

అడవి గుర్రాన్ని దత్తత తీసుకోవడం అనే మాటే మనకు వింతగా ఉంటుంది గానీ అమెరికాలో ఇది ప్రభుత్వ కార్యక్రమం. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు తెచ్చిన గుర్రాలు, ఆ తర్వాత రాంచులనే పెద్ద పశువుల ఫామ్‌ల నుంచి, సైన్యం నుంచి తప్పించుకున్నవీ వదిలేసినవీ కలిసి పశ్చిమ రాష్ట్రాల్లో మందలుగా పెరిగాయి. వాటినే మస్టాంగులంటారు. 1971లో వాటిని కాపాడటానికి చట్టం వచ్చింది. మందలు పెరిగి మేత చాలనప్పుడు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ సంస్థ కొన్నిటిని పట్టి, మెడ ఎడమ వైపు జూలు కింద చల్లటి ఇనుముతో గుర్తు వేసి దత్తతకు ఇస్తుంది. కనీస ఫీజు 125 డాలర్లు. షరతులు మాత్రం గట్టివే: ఒక్కో గుర్రానికి కనీసం 400 చదరపు అడుగుల దొడ్డి ఉండాలి, మచ్చిక కాని పెద్ద గుర్రమైతే కంచె 6 అడుగుల ఎత్తుండాలి, ఏడాదిపాటు సరిగ్గా సాకాకే యాజమాన్య పత్రం చేతికిస్తారు. ఆ ఏడాది అనే గడువు కాగితాల కోసం పెట్టిందే అయినా, గుర్రం వైపు నుంచి చూసినా అదేమీ ఎక్కువ కాదు.

మన దేశంలోనూ మనిషి చేతిలో లేని గుర్రాలున్నాయి. అస్సాంలోని డిబ్రూ సైఖోవా జాతీయ పార్కులో రెండో ప్రపంచ యుద్ధం నాటి సైన్యం గుర్రాల సంతతి ఇప్పటికీ స్వేచ్ఛగా తిరుగుతోంది. వాటిని తెచ్చి పెంచుకునే ఏర్పాటు లేదు, అక్కర్లేదు కూడా. హైదరాబాద్ చుట్టుపక్కల గుర్రం కావాలనుకునేవాళ్ళకు దొరికేవి వేరే రకం. మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగు అయిపోయిన థరోబ్రెడ్‌లు, పాతబస్తీ నుంచి పెళ్ళిళ్ళకు తిరిగి తిరిగి అలిసిన తెల్లటి నుక్రా గుర్రాలు, రాజస్థాన్ వైపు నుంచి లారీల్లో వచ్చే మార్వాడీ గుర్రాలు. మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లలో ఇవే కనిపిస్తాయి. వీటిని అడవి గుర్రాలనలేం. కానీ పని మాత్రం దాదాపు అదే, ఒక తేడాతో: మస్టాంగుకు మనిషంటే తెలియదు, మన నుక్రా గుర్రానికి మనిషంటే బాగా తెలుసు. రెండోదే కష్టం. తెలియని భయాన్ని పోగొట్టవచ్చు, తెలిసి పెట్టుకున్న భయం దగ్గర ఎక్కువ కాలం కాచుకోవాలి.

గుర్రం ఎందుకింత బెదురుతుందన్నది దాని శరీరం చూస్తేనే అర్థమవుతుంది. అది వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. నేల మీది జంతువుల్లో అతి పెద్ద కళ్ళున్నవాటిలో ఒకటి, అవి కూడా తలకు రెండు పక్కలా ఉంటాయి, కాబట్టి దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు, నుదుటికి ఎదురుగా కొద్ది జాగా, తోక వెనక కొద్ది జాగా. మనవాళ్ళు చేసే పొరపాటు సరిగ్గా ఆ మొదటి చోటే జరుగుతుంది: నేరుగా ముఖం ముందుకు వెళ్ళి, కళ్ళలోకి చూస్తూ, నుదుటి మీద చెయ్యి వేయబోతారు. కుక్కతో అలా నడుస్తుందేమో, గుర్రానికి మాత్రం ఆ చెయ్యి ఉన్నట్టుండి గాల్లోంచి ఊడిపడ్డట్టుంటుంది. ఇక ‘గుర్రం వెనక, అధికారి ముందు నిలబడొద్దు’ అన్న సామెత రెండో చోటు గురించి. అది ఊరికే పుట్టలేదు. చర్మం మీద ఈగ వాలినా గుర్తుపట్టి ఆ ఒక్క చోటే చర్మాన్ని విదిలించగలదు గుర్రం. అంత సున్నితమైన ఒంటి మీద మనం ‘శభాష్’ అంటూ అరచేత్తో చరుస్తాం.

కాబట్టి మచ్చిక అనేది చేత్తో మొదలవదు, దూరంతో మొదలవుతుంది. ప్రతి గుర్రానికీ చుట్టూ ఒక హద్దు ఉంటుంది, మనిషి ఆ హద్దు దాటితే తల ఎత్తుతుంది, ఇంకో అడుగు వేస్తే వెళ్ళిపోతుంది. కొత్తగా వచ్చిన మస్టాంగుకు ఆ హద్దు దొడ్డి మొత్తం కంటే పెద్దది కావచ్చు, అంటే మనిషి గేటు దగ్గర నిలబడ్డా దానికి టెన్షనే. అందుకే అనుభవమున్నవాళ్ళు మొదటి రోజుల్లో ఏమీ చేయరు. నీళ్ళు పెడతారు, గడ్డి వేస్తారు, పేడ తీస్తారు, మిగతా టైమంతా కంచె బయటో లోపలో ఒక స్టూలేసుకుని కూర్చుంటారు. ఫోన్ చూసుకుంటారో పేపర్ చదువుకుంటారో వాళ్ళిష్టం, గుర్రం వైపు మాత్రం చూడరు. ఇది సోమరితనంలా కనిపిస్తుంది గానీ దీనికో లెక్కుంది. మనిషి వచ్చాడు, నానుంచి ఏమీ అడగలేదు, వెళ్ళిపోయాడు: ఈ మూడు ముక్కలు గుర్రం చాలాసార్లు చూడాలి. చూశాక, ఎక్కడో ఒక రోజు అది తల దించుకుని గడ్డి తింటూనే ఒక చెవి మనిషి వైపు తిప్పి ఉంచుతుంది. పారిపోయే గుర్రానికి చెవులు రెండూ మనిషి మీదే ఉంటాయి. ఒక్క చెవి చాలనుకుందంటే ఇక పని మొదలుపెట్టొచ్చు.

తర్వాతి మెట్టు దగ్గరికి వెళ్ళడం కాదు, వెళ్ళి వెనక్కి రావడం. భుజం వైపు ఏటవాలుగా రెండడుగులు వేస్తారు, గుర్రం తల ఎత్తగానే ఆగుతారు, అది ఉన్న చోటే ఉంటే వెంటనే వెనక్కి తిరిగి వచ్చేస్తారు. వెనక్కి రావడమే బహుమానం. గుర్రానికి నేర్పేది మనం పెట్టే ఒత్తిడి కాదు, ఆ ఒత్తిడి తీసేసిన క్షణం. ఇక్కడ టైమింగే సర్వం: అది నిలబడ్డ క్షణంలో వెనక్కి వస్తే ‘నిలబడితే మనిషి పోతాడు’ అని నేర్చుకుంటుంది, అది పారిపోయాక వెనక్కి వస్తే ‘పారిపోతే మనిషి పోతాడు’ అని నేర్చుకుంటుంది. ఒక్క సెకను తేడాతో పాఠమే తల్లకిందులవుతుంది. ‘మా గుర్రం రోజురోజుకూ ఇంకా బెదురుతోంది’ అని వాపోయేవాళ్ళను కాసేపు గమనిస్తే చాలాసార్లు దొరికేది ఇదే. వాళ్ళకు తెలియకుండానే ప్రతి రోజూ గుర్రానికి పారిపోవడంలో ట్రైనింగ్ ఇస్తున్నారు.

మొదటి స్పర్శ దగ్గర కాసేపు ఆగాలి. చాలామంది మస్టాంగు శిక్షకులు దీనికి పొడవాటి వెదురు కర్ర వాడతారు. భయపెట్టడానికి కాదు, చేతికి బదులుగా. గుర్రం తన్నినా కాళ్ళు అందనంత దూరంలో మనిషి ఉంటాడు, కర్ర చివర మాత్రం మూపును తాకుతుంది. మూపంటే మెడ వచ్చి వీపుతో కలిసే ఎత్తైన చోటు. కర్ర ఆనగానే గుర్రం ఒంట్లో కండరాలన్నీ ఒక్కసారి రాయిలా బిగుస్తాయి, ఊపిరి కూడా ఆగుతుంది, కన్ను చివర తెల్లగా మెరుస్తుంది. అక్కడ కర్రను తీసేయకూడదు, గట్టిగా నొక్కనూ కూడదు, గుర్రం కదిలితే కర్ర కూడా దానితో పాటే కదలాలి, అంతే. కాసేపటికి ఊపిరి బయటికి వస్తుంది, ముక్కుతో పొడవుగా బుస్సుమంటుంది. అప్పుడు కర్ర తీసేస్తారు. మళ్ళీ పెడతారు. కొన్నాళ్ళకు కర్ర చివర మూపు మీద గీరుతుంటే పై పెదవి ముందుకు సాగి, మెలికలు తిరిగి, గాల్లో ఏదో కొరుకుతున్నట్టు ఆడుతుంది. ఆ పెదవిని చూసిన శిక్షకుడికి ఇంకేమీ అక్కర్లేదు. దురద తీరిన హాయిలో ఇంకో గుర్రాన్ని తిరిగి గీకిపెట్టబోయే కదలిక అది. ఆ తర్వాత ప్రతి రోజూ కర్రను కొంచెం కొంచెం కురచగా పట్టుకుంటూ వస్తారు, ఆఖరికి అక్కడ కర్ర ఉండదు, చెయ్యి ఉంటుంది.

మూపే ఎందుకంటే దానికీ కారణముంది. మందలో రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి ఒకదాని మూపు ఒకటి పళ్ళతో గీకుకుంటాయి. 1993లో ఫ్రాన్స్‌లో కామార్గ్ గుర్రాల మీద జరిగిన పరిశోధనలో ఆ చోట మనిషి గీకినా గుర్రం గుండె వేగం తగ్గిందని తేలింది, వేరే చోట గీకితే అలా తగ్గలేదు. అంటే మెడ మీద చరచడం కంటే మూపు మీద వేళ్ళతో బాగా గీకడం దాని భాషకు దగ్గర. కరెక్టుగా చెప్పాలంటే మన సాయిసులకు, అంటే గుర్రాల బాగోగులు చూసేవాళ్ళకు, ఇది ఎప్పటి నుంచో తెలుసు, ఖరారాతో (గుర్రం ఒళ్ళు రుద్దే పళ్ళ బ్రష్షుతో) మాలిష్ చేసేటప్పుడు ఏ చోట గుర్రం మెడ చాచి పెదవి వేలాడేస్తుందో వాళ్ళనడిగితే చెప్తారు.

ఇంత ఓపిక లేనివాళ్ళ దారి వేరే ఉంది, అది పాతది, ఇప్పటికీ నడుస్తోంది. గుర్రాన్ని గట్టి గుంజకు పొట్టి తాడుతో కట్టేసి, గోనెపట్టాలతో ఒంటి మీద కొడుతూ ఉంటారు, అది ఎగిరి దూకి పడి లేచి, చెమటతో తడిసిపోయి, చివరికి ఆగిపోతుంది. కొన్ని గంటల్లో పని అయిపోతుంది. ఆగిపోయాక జీను వేసినా కదలదు, ఎక్కినా కదలదు. చూసేవాళ్ళకు మ్యాజిక్‌లా ఉంటుంది. అయితే అక్కడ జరిగింది వేరు. తప్పించుకోలేని భయంలో ముంచేస్తే జంతువు స్పందించడమే ఆపేస్తుందని మానసిక శాస్త్రం 1960లలోనే చూపించింది, దానికి నేర్చుకున్న నిస్సహాయత అని పేరు పెట్టింది. ఆ స్థితిలో ఉన్న గుర్రం భయపడటం మానలేదు, చూపించడం మానేసింది. దీని ఫలితం ఎప్పుడో బయటపడుతుంది, ‘పదేళ్ళుగా సాధువుగా ఉంది, ఇవాళేమైందో తెలీదు, ఉన్నట్టుండి జనం మీదికి దూకింది’ అనే వార్తల్లో. ఆ గుర్రం ముందు నుంచీ చెప్తూనే ఉండి ఉంటుంది, వినేవాడు లేక చెప్పడం ఆపేసింది.

మన బారాత్ గుర్రాల్లో ఇలాంటివి ఎన్నో చెప్పడం కష్టం, కానీ నోరు తెరిచి చూస్తే కొంత తెలుస్తుంది. కళ్ళేనికి లోపలి వైపు ముళ్ళు పెట్టి వాడటం 1965 నాటి నిబంధనల ప్రకారం మన దేశంలో నిషేధం. అయినా అలాంటి ముళ్ళ లగాములు ఊరేగింపుల్లో ఇంకా పట్టుబడుతూనే ఉన్నాయి. పగ్గం కొంచెం లాగితే ముళ్ళు పెదవి మూలల్లో, నాలుక మీద దిగుతాయి. అలా నిలబడ్డ గుర్రాన్ని నిలబెట్టేది నొప్పి, నమ్మకానికి అక్కడ చోటే లేదు. ఆడించే గుర్రాలదీ అంతే, డోలు దెబ్బకు ముందు కాళ్ళెత్తి ‘డ్యాన్స్’ చేస్తోందని జనం నోట్లు దిష్టి తీస్తుంటారు గానీ, ఆ తల విదిలింపు, ఆ నోరు తెరవడం, నోటి చివర నురగ, ఇవన్నీ ఏం చెప్తున్నాయో ఒకసారి దగ్గరికెళ్ళి చూడాలి.

సున్నితంగా కనిపించే పద్ధతుల్లోనూ ఇదే ప్రశ్న వేసుకోవాలి. గుండ్రటి దొడ్డిలో గుర్రాన్ని తరుముతారు, అది కొంతసేపు చుట్టూ పరుగెత్తి, చివరికి లోపలికి తిరిగి మనిషి దగ్గరికి వస్తుంది, ‘చూశారా, నన్ను నాయకుడిగా ఒప్పుకుంది’ అంటారు. వీడియోలో చూస్తే కళ్ళు చెమర్చేలా ఉంటుంది కూడా. సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించడానికి మనిషి స్థానంలో రిమోట్‌తో నడిచే బొమ్మ కారు పెట్టారు. గుర్రం దూరం పోతే కారు వెంటపడుతుంది, గుర్రం ఆగి తన వైపు తిరిగితే కారు ఆగిపోతుంది. గుర్రాలు ఆ కారు వైపు తిరగడం, దాని దగ్గరికి రావడం నేర్చుకున్నాయి. బొమ్మ కారును ఎవరూ మంద నాయకుడనరు కదా. తరిమితే అలసట, ఆగితే విశ్రాంతి, అంతవరకే గుర్రానికి అర్థమైంది. ఆ పద్ధతి పనికిరాదని కాదు, దానికి తగిలించిన కథ ఎక్కువైందని.

మరి నిజమైన నమ్మకాన్ని ఎలా కొలవాలి? ఒకటే గట్టి పరీక్ష: వెళ్ళిపోయే అవకాశం ఇచ్చి చూడటం. తాడు విప్పేసి, గేటు వైపు దారి వదిలేసి, దొడ్డిలో ఓ మూలకు వెళ్ళి నిలబడితే గుర్రం ఏం చేస్తుంది? గడ్డి వదిలి దగ్గరికి వస్తే ఒక మాట, వచ్చి వాసన చూసి వెళ్ళిపోతే ఒక మాట, అటు తిరిగి నిలబడితే ఇంకో మాట. తాడు కట్టి అడిగితే వచ్చే జవాబుకు విలువ తక్కువ. దీంతో పాటు ముఖం చూడాలి. కంటి పైన ఎముక త్రికోణంలా లేచి కనబడటం, ముక్కు పక్కన ముడతలు, గడ్డం కింద కండ గట్టిపడి ఉండటం, తోక ఒత్తి పెట్టుకోవడం, ఇవి ఉంటే కాళ్ళు ఎంత కదలకుండా ఉన్నా లోపల తుఫాను నడుస్తున్నట్టే. దానికి తోడు చూపు ఎటో శూన్యంలో ఉండి, చెవులు ఏ చప్పుడుకూ తిరగకపోతే అది ప్రశాంతత కాదు, పైన చెప్పిన మూడో రకం. ప్రశాంతంగా ఉన్న గుర్రం చెవులు ఎప్పుడూ ఏదో ఒకటి వింటూ మెల్లగా తిరుగుతూనే ఉంటాయి. ఇక అన్నిటికంటే పెద్ద సూచన పడుకోవడం. గుర్రం నిలబడి కునుకు తీయగలదు గానీ గాఢమైన కలల నిద్రకు నేల మీద పడుకోక తప్పదు, పడుకున్న గుర్రం లేచి పారిపోవడానికి టైం పడుతుంది, కాబట్టి భయమున్న చోట అది పడుకోదు. మనిషి దొడ్డిలో ఉండగానే అది పక్కకు ఒరిగి పడుకుందంటే సర్టిఫికెట్ ఇచ్చేసినట్టే.

తిండి పెట్టి మచ్చిక చేయొచ్చా అనే దాని మీద పెద్ద గొడవలున్నాయి. చేత్తో పెడితే కొరకడం నేర్చుకుంటుందని, జేబులు వెతుకుతుందని పాతవాళ్ళు ఒప్పుకోరు. ఆ మాటలో నిజముంది, అడిగినప్పుడల్లా క్యారెట్ పెడితే గుర్రం కాదు మనమే మచ్చికవుతాం. కానీ 2010లో ఫ్రాన్స్‌లోని రెన్ నుంచి వచ్చిన ఒక పరిశోధన దీన్ని కొంత తేల్చింది. చెప్పగానే నిలబడటం నేర్పేటప్పుడు తిండి బహుమతిగా ఇచ్చిన గుర్రాలు త్వరగా నేర్చుకోవడమే కాదు, నెలల తర్వాత కూడా గుర్తుపెట్టుకున్నాయి, పైగా అంతకు ముందు చూడని కొత్త మనిషితో కూడా స్నేహంగా ఉన్నాయి. నిలబడ్డందుకు ఇవ్వడం, వెతికినందుకు ఇవ్వడం ఒకటి కాదు, అంతే తేడా. మన దగ్గర నానబెట్టిన ఉలవలో, శనగలో గుప్పెడు, ముఖం పక్కకు తిప్పి నిలబడ్డప్పుడే, వెడల్పాటి పళ్ళెంలో పెడితే సరిపోతుంది. గుప్పెడే, ఎందుకంటే గుర్రం పొట్ట చిన్నది, రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి నమలడానికే తయారైంది. గడ్డి తగ్గించి దాణా పెంచితే కడుపులో పుండ్లు, కడుపునొప్పి, ఆ నొప్పితో వచ్చే చిరాకును ‘తలబిరుసు’ అనుకోవడం, ఇదంతా ఫామ్‌హౌస్‌లలో మామూలే.

అసలు ఈ నొప్పి సంగతి ముందే చెప్పాల్సింది. వాడిన గుర్రాన్ని తెచ్చుకుంటే మచ్చిక కంటే ముందు పశువైద్యుడు రావాలి. వీపు మీద పాత జీను పుండు ఉండొచ్చు, లాడాలు సరిగ్గా లేక డెక్కలు వంకర తిరిగి ఉండొచ్చు, దవడ పళ్ళు పదునెక్కి బుగ్గలు కోస్తుండొచ్చు. ఇవన్నీ ఉన్న గుర్రం చేయి చూసి తప్పుకుంటే అది భయం కాదు, బుద్ధి. ఇంకొకటి గ్లాండర్స్ పరీక్ష, గుర్రాల నుంచి మనుషులకు కూడా సోకి ప్రాణం తీయగల జబ్బు అది, 1899లోనే మన దేశంలో దాని మీద ప్రత్యేక చట్టం తెచ్చారు. రక్తపరీక్ష రిపోర్టు లేని గుర్రాన్ని బేరమాడటమే తప్పు.

చప్పుళ్ళ సంగతి వేరుగా చూడాలి. అఫ్జల్‌గంజ్ బస్టాండు పక్కన ఇల్లున్నవాడికి హారన్లు వినిపించనట్టే గుర్రానికీ చప్పుళ్ళు అలవాటవుతాయి, అది నమ్మకం కాకపోయినా చెడ్డదేమీ కాదు. కాకపోతే ఎలా అలవాటైందన్నదే ముఖ్యం. తక్కువ చప్పుడు, ఎక్కువ దూరం, తినేటప్పుడు, ఈ మూడూ కలిస్తే మెల్లగా అలవాటవుతుంది. ట్రాక్టరును మొదటి రోజు అటు గట్టు మీద ఉంచి స్టార్ట్ చేయాలి గానీ దొడ్డి ముందు కాదు. చార్మినార్ దగ్గర పండగ ఊరేగింపుల్లో లక్షల జనంలో కనిపించే మౌంటెడ్ పోలీసు గుర్రాలు చూడటానికి బారాత్ గుర్రాల్లాగే నిలబడతాయి. కానీ వాటి చెవులు చూడండి, ఒకటి జనం మీద, ఒకటి పైన కూర్చున్న జవాను మీద ఉంటుంది. ఏదైనా జరిగితే ఎవర్ని అడగాలో తెలిసిన గుర్రం అది.

ఎన్ని రోజులు పడుతుందని అందరూ అడుగుతారు. అమెరికాలో 2007 నుంచి మస్టాంగులను దాదాపు 100 రోజుల్లో తయారుచేసి చూపించే పోటీలు జరుగుతున్నాయి. ఆ పోటీల వల్ల వేల గుర్రాలకు ఇళ్ళు దొరికాయి, దాన్ని కాదనక్కర్లేదు. అయితే ఆ 100 రోజులు పూర్తి సమయం ఇదే పనిగా పెట్టుకున్న ఆరితేరిన శిక్షకుల లెక్క. దాన్ని చూసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వెళ్ళే మనిషి మూడు నెలల్లో స్వారీ చేయాలనుకుంటే దెబ్బలు తగిలేది ఇద్దరికీ. పైగా ఇది మెట్లెక్కినట్టు సాగదు. నిన్న తలకు హాల్టర్ పట్టీ వేయించుకున్న గుర్రం ఇవాళ చెయ్యి చూసి పోతుంది. రాత్రి కుక్కలు వచ్చి ఉండొచ్చు, గాలి ఎక్కువగా ఉండొచ్చు, లేదా మనిషే ట్రాఫిక్‌లో విసిగి కోపంగా వచ్చి ఉండొచ్చు. ఈ ఆఖరిది ఊహ కాదు: 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు కోపంగా ఉన్న మనిషి ఫోటో చూపిస్తే గుర్రాల గుండె వేగం త్వరగా పెరిగిందని చూశారు, 2018లో మరో అడుగు వేసి, పొద్దున ఎవరి కోపపు ఫోటో చూశాయో ఆ మనిషి కొన్ని గంటల తర్వాత మామూలు ముఖంతో ఎదురొచ్చినా గుర్రాలు జాగ్రత్త పడ్డాయని చూపించారు. కోపంతో గుర్రం దగ్గరికి వెళ్ళకూడదని గ్రీకు సేనాని జెనోఫన్ రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందటే రాసిపెట్టాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంట డ్రైవ్ చేసి వచ్చినవాళ్ళు దొడ్డి గేటు తీసే ముందు ఓ చాయ్ తాగడం మంచిది.

రెండు వైపులా విడిగా నేర్పాలనే నియమం గురించీ ఒక మాట. ‘గుర్రానికి రెండు మెదళ్ళు, ఎడమ కంటితో చూసింది కుడి వైపుకు తెలియదు’ అంటారు. 1999లో జరిగిన ప్రయోగంలో ఒక కంటితో నేర్చుకున్నదాన్ని గుర్రాలు రెండో కంటితోనూ గుర్తుపట్టాయి, కాబట్టి ఆ సిద్ధాంతం తప్పు. అలవాటు మాత్రం మంచిదే. అటు నుంచి చూస్తే అదే జీను వేరే ఆకారంలో కనిపిస్తుంది, కొత్త ఆకారమంటే గుర్రానికి మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాల్సిన వస్తువే.

హైదరాబాద్‌లో మాత్రం ఇదంతా ఒక చోటికి వచ్చి ఆగుతుంది, అది సాయిసు దగ్గర. ఓనర్ వారానికోసారి వస్తాడు, గుర్రం పేరు ఆయన పెడతాడు, ఫోటోలు ఆయన దిగుతాడు. నీళ్ళు, గడ్డి, పేడ, మాలిష్, ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎండ రాకముందే తిప్పడం, రాత్రి ఉరిమితే లేచి వెళ్ళి పక్కన నిలబడటం, ఇవన్నీ సాయిసు పని. గుర్రం నమ్మేది అతన్ని. దీనికి ఓనర్లు నొచ్చుకోవడం, కొన్నిసార్లు గుర్రం ముందు సాయిసును అరవడం కూడా జరుగుతుంటుంది. అజ్ఞాతవాసంలో నకులుడంతటివాడే దామగ్రంథి పేరుతో విరాటుడి గుర్రపుశాలలో పనికి చేరాడు, అదేమీ తక్కువ పనిగా మన కథ చెప్పలేదు. కానీ ఇవాళ గుర్రానికి రెండు లక్షలు పెట్టినవాళ్ళు సాయిసు జీతం దగ్గర నెలకు వెయ్యి రూపాయలకు బేరమాడతారు. అతను ఇంకో ఫామ్‌కు వెళ్ళిపోతాడు. కొత్తగా వచ్చిన కుర్రాడికి కర్ర తప్ప ఇంకో భాష తెలియకపోతే, ఆరు నెలల్లో దొడ్డి మొత్తం నుంచి చేతి దూరానికి తగ్గిన హద్దు వారంలో మళ్ళీ కంచె దాకా పోతుంది.

కాబట్టి గుర్రాన్ని తెచ్చుకోవాలనుకునేవాళ్ళు ముందుగా వెతకాల్సింది గుర్రాన్ని కాదు, నిదానమైన సాయిసును. దొరికితే అతనికి ఇల్లూ సరైన జీతమూ చూసి, గుర్రం ఎంపికలో అతని మాట కూడా వినాలి. రెండోది తోడు. గుర్రం ఒంటరిగా ఉండలేదు, ఇంకో గుర్రం కుదరకపోతే గాడిదో మేకో ఉన్నా చాలావరకు నిదానిస్తుంది. ఆ తర్వాత ఓనరు కూడా ఆదివారం వచ్చినప్పుడు జీను అడగకుండా, ఖరారా చేతికి తీసుకుని ఓ అరగంట సాయిసు పక్కన నిలబడి మూపు గీకడంతో మొదలుపెట్టొచ్చు. స్వారీ సంగతి సాయిసు చెప్తాడు, ఎప్పుడో.